వినికిడి పరీక్ష

షెఫీల్డ్ ఆసుపత్రిలో నా గది
లిఫ్టు పక్కన, కిటికీ లేనిది.
గోడలకి స్పాంజి పలకలు, మందపాటి తలుపు,
లోపల ఒక కుర్చీ, హెడ్‌ఫోన్లు, ఒక బటన్.
వచ్చినవాళ్ళందరికీ పదకొండేళ్ళుగా ఒకటే మాట చెబుతున్నాను:
"చప్పుడు వినబడగానే నొక్కండి.
ఎంత సన్నగా ఉన్నా సరే.
వినబడిందో లేదో తేలకపోయినా సరే."

నా చెవులు మంచివే.
మలుపు తిరిగే ట్రామ్ కూతని
రెండు వీధుల అవతల్నుంచే పట్టేస్తాను.
నాకు వినబడనిది వేరే.

చిన్నప్పుడు దానికి పెద్ద గొంతుండేది.
బడి నుంచి వస్తూనే నకనకలాడేది,
గంజి వార్చే వాసనకే కంచం మోగించేది,
మారు వడ్డించేదాకా ఊరుకునేది కాదు.
పద్దెనిమిదో ఏట దాని నోరు మూయించడం నేర్చుకున్నాను.
ఎలాగన్నది చెప్పను,
చెబితే ఎవరో ఒకరు రాసుకుంటారు.
జనం మెచ్చుకున్నారన్నది మాత్రం చెబుతాను.
పెళ్ళిళ్ళలో అత్తయ్యలు నా మణికట్టు పట్టుకుని
"ఎంత నాజూగ్గా ఉన్నావే" అన్నారు.
పిలిచి పిలిచి విసిగిపోయి
కడుపులో ఎలుకలు కూడా ఇల్లు ఖాళీ చేశాయి.

ఆకలి రుచెరగదంటారు.
నా దగ్గర సామెత తిరగబడింది.
రుచులన్నీ కంఠతా వచ్చు, ఆకలే తెలీదు.

ఇప్పుడు మంగళవారాలు మిరియం దగ్గరికి వెళ్తున్నాను.
ఆవిడ గదిలో తూకం యంత్రం బీరువా వెనకుంటుంది.
"ఆకలి తిరిగొచ్చేదాకా గడియారమే నీ ఆకలి" అంది మొదటిరోజే.
ఫోను మోగుతుంది. ఎనిమిది. పదిన్నర. ఒంటిగంట.
మోగితే తినాలి, మాట్లాడకుండా, మందు మింగినట్టు.
క్యాంటీన్‌లో ఉడకబెట్టిన బంగాళదుంప ముందు కూర్చుని
ఏడ్చిన మధ్యాహ్నాలున్నాయి.
పైన బీన్స్ చల్లారి బిగుసుకుపోయేవి. అయినా తిన్నాను.
ఒక రాత్రి పప్పన్నం ముందు
నేతి చెంచా పట్టుకుని నిలబడిపోయాను
ఆఖరి ట్రామ్ వెళ్ళిపోయేదాకా.
వేసుకున్నాను. నెయ్యి అప్పటికి మళ్ళీ పేరుకుంది.

"ఆకలంటే కడుపొక్కటే అనుకోకు,
దానికి మారుపేర్లు చాలా ఉన్నాయి.
కనబడ్డప్పుడల్లా రాసిపెట్టు" అంది.
రాశాను:
వేళ్ళ కొసలు చల్లబడటం.
ఒకే ఉత్తరాన్ని మూడుసార్లు చదవడం.
రిసెప్షన్‌లో టామ్సిన్ పెన్ను టిక్కుటిక్కుమనిపిస్తే
ఆ పెన్ను లాక్కుని కిటికీలోంచి విసిరేయాలనిపించడం.
ఏ కారణమూ లేకుండా, పని మధ్యలో,
గోంగూరలోకి ఎన్ని ఎండుమిరపకాయలో లెక్కేసుకోవడం.

ఇన్నాళ్ళూ ఇదంతా నా స్వభావం అనుకున్నాను.

ఈవేళ పొద్దున ఆలరెన్‌షా గారొచ్చారు.
ఎనభై దాటిన మనిషి, ముప్పయ్యేళ్ళు
ఉక్కు కార్ఖానాలో ఆవిరి సమ్మెట పక్కన నిలబడ్డవాడు.
అద్దం ఇవతల్నుంచి చూస్తున్నాను,
నేను శబ్దం పంపనప్పుడు కూడా
బొటనవేలు బటన్ మీద పడుతోంది.
బయటికొచ్చి సిగ్గుపడుతూ అడిగాడు,
"తప్పు నొక్కానా, అమ్మాయ్?"
"తప్పేముందండీ,
లేదనుకుని ఊరుకోవడం కన్నా
ఉందేమోనని నొక్కడమే మేలు."
నా నోట్లోంచి వచ్చి
ఆ మాట నా చెవిలోనే పడింది.

ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాక
టైము పదకొండుంబావు.
పదిన్నర బిస్కెట్లు పదిన్నరకే తిన్నాను.
ఫోను మళ్ళీ మోగడానికి ఇంకా చాలా ఉంది.
వేళ్ళు చల్లగా ఉన్నాయి.
పక్కటెముకల కింద ఎక్కడో
గోటితో తలుపు గీకినట్టు ఏదో.
ఎలుకంత లేదు. పిల్ల ఎలుకేమో.
పొద్దుటి కాఫీ కావచ్చు, గాలి కావచ్చు,
పాత భయమే గొంతు మార్చి పిలుస్తుండొచ్చు.

రోగులు కూర్చునే కుర్చీలో కూర్చున్నాను.
తలుపు వేసుకున్నాను.
సంచీలోంచి అరటిపండు తీశాను,
ఒకపక్క నల్లబడింది.
తొక్క ఒలిచాను.

సగం తిని, ఆగి, విన్నాను.
ఇంకా ఉంది.